ఉక్కు కవచం ఎవరికి?

కథ మీద విమర్శ రాస్తాం, సినిమా మీద రాస్తాం. మరి ఆట మీద రాయకూడదా? ఈ మాట అంటే మా తరగతిలో కొందరు నవ్వారు. "ఆట ఆడుకోవాలె గానీ దాని మీద వ్యాసమేంది?" అన్నారు. కానీ ఆటను తయారుచేసేది కూడా మనిషే కదా. ఎవరికి ఏం ఇవ్వాలి, ఎవరు ఎట్లా బతకాలి, ఎట్లా చావాలి అనే నియమాలు పెట్టేది అతనే. నియమం ఉన్నచోట అది మంచిదా కాదా అని అడగవచ్చు. అందుకని ఈసారి మన పత్రికకు డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అనే కోట కట్టే ఆట గురించి రాస్తున్నాను. అది చాలా పెద్ద ఆట. అంతా రాస్తే పత్రిక సరిపోదు. కాబట్టి అందులో ఒక్క విషయమే తీసుకున్నాను. అది సైనికులకు కవచం ఎంచడం.

తెలియనివాళ్ళ కోసం ముందు ఆట గురించి నాలుగు మాటలు చెప్తాను. దీన్ని టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అనే ఇద్దరు అమెరికా అన్నదమ్ములు తయారుచేశారు. టార్న్ లెక్కల్లో డాక్టరేట్ చేసినవాడు. 2002లో పని మొదలుపెట్టి 2006లో మొదటిసారి జనం చేతికి ఇచ్చారు. ఇప్పటికీ మారుస్తూనే ఉన్నారు. చాలా ఏళ్ళు ఇందులో బొమ్మలు లేవు, అన్నీ అక్షరాలూ గుర్తులే. 2022 డిసెంబరులో బొమ్మలున్న రూపం అమ్మకానికి వచ్చింది, పాత అక్షరాల రూపం మాత్రం ఇప్పటికీ ఉచితమే. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 2012లో తన సేకరణలోకి తీసుకున్న 14 ఆటల్లో ఇదొకటి. అంటే చిత్రాలూ శిల్పాలూ పెట్టే చోట దీన్ని పెట్టారు. కాబట్టి దీని మీద వ్యాసం రాస్తే తప్పేమీ లేదు!

మా పక్క ఖోలీలో ఉండే పెద్దబాపు కొడుకు దగ్గర ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది. దాంట్లో కొత్త ఆటలేవీ నడవవు, ఈ అక్షరాల ఆట మాత్రం నడుస్తది. సెలవుల్లో నేనూ అన్నా వంతులు వేసుకుని ఆడాం.

ఆటలో ఏడుగురు మరుగుజ్జులు ఒక బండి వేసుకుని కొండ దగ్గరికి వస్తారు. వాళ్ళచేత కొండను తవ్వించి గదులు, వంటిల్లు, కొలిమి, ఆసుపత్రి అన్నీ కట్టించాలి. తరవాత ఇంకా జనం వలస వస్తారు. కోటలో సొమ్ము పెరిగిందని తెలిస్తే గాబ్లిన్లు అనే శత్రువులు దండెత్తి వస్తారు. అప్పుడు సైన్యం కావాలి. ఒక దళంలో పదిమంది దాకా ఉండొచ్చు. మనం ఎవరినీ చెయ్యి పట్టుకుని నడిపించలేం. పని చెప్పగలం, వస్తువు ఇవ్వగలం, అంతే. కాబట్టి సైనికుడు బతుకుతాడా లేదా అన్నది ఎక్కువగా మనం అతనికి ఏం తొడిగించాం అన్నదాని మీదే ఉంటది.

ఇక అసలు విషయం. చాలా ఆటల్లో కవచం అంటే ఒక అంకె. పాతది తీసి కొత్తది వేస్తే అంకె పెరుగుతది, దాంతో అయిపోయింది. ఇక్కడ అట్లా కాదు. ఈ ఆటకు ఒంట్లో ప్రతి భాగమూ వేరే. తల, మెడ, ఛాతీ, పొట్ట, పై చెయ్యి, కింది చెయ్యి, వేళ్ళు, తొడ, పిక్క, పాదం, అన్నిటికీ విడివిడిగా లెక్క ఉంది. ఒక్కో భాగంలో మళ్ళీ చర్మం, కొవ్వు, కండ, ఎముక అని పొరలు. దెబ్బ పడితే ఏ పొర దాకా దిగిందో ఆట రాసి చూపిస్తది. చేతిలో నరం తెగితే పట్టు పోయి కత్తి జారిపడుతది. ఆ నరం మళ్ళీ అతకదు. కాలు పోయినవాడు బతికి ఊతకర్రతో తిరుగుతాడు.

మొదట్లో ఇంగ్లీషు పేర్లు చూసి నాకు తికమకైంది. తెలుగు మీడియం పిల్లలు ఎవరైనా ఆడితే పనికొస్తాయని నేను పెట్టుకున్న పేర్లు ఇక్కడ ఇస్తున్నాను. హెల్మ్ అంటే శిరస్త్రాణం. మెయిల్ షర్ట్ అంటే సన్న గొలుసులతో అల్లిన అంగీ, దాన్ని గొలుసు అంగీ అనుకుందాం. బ్రెస్ట్‌ప్లేట్ రొమ్ము పలక. గాంట్లెట్ చేతి తొడుగు, గ్రీవ్స్ కాలి కవచం, హై బూట్స్ పొడుగు బూట్లు, షీల్డ్ డాలు. ఇన్ని పేర్లు ఎందుకంటే ఏ ఒక్కటీ మొత్తం ఒంటిని కాపాడదు. రొమ్ము పలక గట్టిదే, కానీ ఛాతీ, పొట్ట వరకే. భుజం కింద చెయ్యి ఖాళీ. గొలుసు అంగీ పై చేతులకూ తొడలకూ కూడా వస్తది, కానీ దాని మీద సుత్తి దెబ్బ పడితే గొలుసు లోపలికి వంగి ఎముక విరుగుతది. కత్తికి గొలుసు అడ్డం, సుత్తికి పలక అడ్డం. అందుకని రెండూ వేయాలి. కింద గొలుసు, మీద పలక. పొట్టి బూట్లయితే పాదం వరకే, పొడుగు బూట్లయితే పిక్క కూడా దాగుతది.

వేటితో చేయించాలి అన్నది తరవాతి ప్రశ్న. తోలు, రాగి, కంచు, ఇనుము, ఉక్కు ఉన్నాయి. అన్నిటికంటే పైన ఆడమంటైన్ అనే ఊహా లోహం. అది బాగా తేలిక, బాగా గట్టిది, కానీ చాలా లోతున దొరుకుతది. దాని కోసం మరీ ఆశపడి తవ్వితే కింది నుంచి భూతాలు పైకొస్తాయి. బంగారం, వెండితో కవచం చేయడానికి ఆట ఒప్పుకోదు. ఇది నాకు నచ్చింది. కోటలో ఎంత బంగారం ఉన్నా అది ఎవడి ప్రాణం మీదా కవచం కాలేదు. డాలు సంగతి ఇంకా తమాషా. దెబ్బను అడ్డుకోవడానికి చెక్క డాలు కూడా ఉక్కు డాలంత బాగానే పనికొస్తది, పైగా తేలిక. అన్నిటికీ ఖరీదైనదే మంచిదని అనుకోవద్దని ఆట ఇక్కడ చెప్తుంది.

సైజు లెక్క కూడా ఉంది. చచ్చిన గాబ్లిన్ కవచం మరుగుజ్జుకు సరిపోతది. మనుషుల కవచం మాత్రం పెద్దదైపోతది, తొడగలేడు. మన ఇళ్ళల్లో స్కూల్ యూనిఫాం రెండేళ్ళు రావాలని ఒక సైజు పెద్దది కొంటారు గానీ, ఈ ఆటలో ఆ తెలివి నడవదు.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. నాకు ఈ ఆటలో అన్నిటికంటే గొప్పగా అనిపించిన భాగం ఇదే. ఒక సైనికుడికి పూర్తిగా ఉక్కు తొడిగించాలంటే రొమ్ము పలకకు 3 కడ్డీలు, గొలుసు అంగీకి 2, కాలి కవచానికి 2, శిరస్త్రాణానికి 1, చేతి తొడుగుల జతకు 1, బూట్ల జతకు 1 కావాలి. మొత్తం 10. డాలు చెక్కదే ఇద్దాం. పదిమంది దళానికి 100 కడ్డీలు. ఉక్కు ఊరికే రాదు. ముందు ఇనుప రాయిని కరిగించి ఇనుము చేయాలి. అందులో సగానికి సున్నపురాయి, బొగ్గు కలిపి దుక్క ఇనుము చేయాలి. ఆ దుక్క ఇనుమును మిగతా ఇనుముతో, మళ్ళీ సున్నపురాయితో, బొగ్గుతో కలిపి కాల్చితే ఉక్కు. లెక్క వేస్తే ఒక్కో ఉక్కు కడ్డీకి ఒక సున్నపురాయి, రెండు పాళ్ళ బొగ్గు పడుతుంది. అంటే దళానికి 100 రాళ్ళు, 200 పాళ్ళ బొగ్గు. రాతిబొగ్గు దొరకని చోటయితే ఒక దుంగకు ఒక పాలు బొగ్గే వస్తది. కాబట్టి 200 దుంగలు కాలాలి. ఇనుప రాయిని కరిగించే ఖర్చు, కవచాలు సాగగొట్టే కొలిమి ఖర్చు దీనికి అదనం.

ఈ లెక్క చదివాక ఒక ప్రశ్న వేసుకోండి. ఆ రాయి ఎవరు తవ్వారు? ఆ చెట్టు ఎవరు కొట్టారు? ఎవరు మోశారు? ఎవరు కొలిమి దగ్గర నిలబడ్డారు? పదిమంది ఒంటి మీద మెరిసే ఉక్కులో కోటంతటి చెమట ఉంది. ఈ సంగతిని పాఠంలాగా చెప్పకుండా మనచేతనే చేయించి చూపించడం ఈ ఆట గొప్పతనం.

ఉక్కు మాట వచ్చింది కాబట్టి మన సంగతి ఒకటి చెప్పాలి. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరు ఉంది. పూర్వం అక్కడ మట్టి మూసల్లో ఇనుమును కరిగించి మేలైన ఉక్కు ముద్దలు చేసేవాళ్ళు. పర్షియా నుంచి వర్తకులు ఆ ఊరి దాకా వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు. దూరదేశాల్లో పేరుమోసిన డమాస్కస్ కత్తులకు ఇట్లాంటి మన ఉక్కే మూలం. ఆ కత్తి పేరు మీద డమాస్కస్ ఉంది, కోనసముద్రం లేదు. వస్తువు వాడినవాడికి పేరొచ్చింది, చేసినవాడికి రాలేదు.

మన ముంబైలోనే ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయ్‌లో అక్బర్ చక్రవర్తి కవచం ఉంది. 1581 నాటిది. వెళ్ళినవాళ్ళు దాని ముందు నిలబడి చూడండి. అది ఒక్క మనిషి ఒంటికి కొలిచి చేసింది, ఆ మనిషి పేరు మనకు తెలుసు. ఆయన వెనక నడిచిన వేలమంది సిపాయిలు ఏం తొడుక్కున్నారు? 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్, అక్కడి సైనికులు తొడిగే మందంగా కుట్టిన అంగీల గురించి రాశాడు. మన ఎండల్లో ఒళ్ళంతా ఇనుము బిగిస్తే మనిషి శత్రువు దాకా పోకముందే సొమ్మసిల్లుతాడు. గుడ్డ పొరలు కొంత కత్తినీ ఆపుతాయి, కొంత చెమటనూ పీలుస్తాయి. కానీ గుడ్డ చివికిపోతది, పురుగు తింటది, ఉక్కు మిగులుతది. అందుకే మ్యూజియంలో ఎక్కువగా కనిపించేది రాజుల కవచాలే.

ఇక్కడ ఆటలో ఒక చిన్న లోటు చెప్తాను. బరువు లెక్క ఆటలో ఉంది. ఉక్కు తొడిగిన కొత్త సైనికుడు మెల్లగా కదులుతాడు, అలవాటయ్యాక బరువు తెలియకుండా పోతది. కానీ నేను చూసినంతలో ఎండ లెక్క లేదు. కవచం కింద ఒళ్ళు ఉడకడం లేదు. ఈ ఆట మన దగ్గర ఎవరైనా తయారుచేసి ఉంటే మొదట అదే పెట్టేవాళ్ళు అనుకుంటా.

అది చిన్న లోటే. అసలైన లోటు వేరే ఉంది.

ఆటలో గని తవ్వేవాడు, చెట్లు కొట్టేవాడు, వేటగాడు అని మూడు రకాల పనివాళ్ళు ఉన్నారు. వీళ్ళ పనిముట్టుకు ఆట ఒక రకం యూనిఫాం లెక్క పెట్టింది. ఆ లెక్కకూ సైనికుడి యూనిఫాం లెక్కకూ పొత్తు కుదరదు. గడ్డపార పట్టినవాడిని దళంలో చేర్చి ఉక్కు ఇద్దామంటే, ఒకటి తొడుగుతాడు ఒకటి పారేస్తాడు, ఎప్పుడూ గందరగోళమే. అంటే కోటలో అందరికంటే ముందు చీకట్లోకి పోయేవాడికి, కప్పు కూలితే కింద ఉండేవాడికి, ఏ గుహలో ఏ మృగం ఉందో మొదట చూసేవాడికి కవచం లేదు. ఉక్కుకు కావలసిన రాయి తెచ్చింది అతనే.

మోతగాళ్ళ సంగతి చూడండి. వాళ్ళకు ఈ గొడవ లేదు. కానీ వాళ్ళకు శిరస్త్రాణం ఇవ్వాలంటే మామూలు మనుషులుగా ఇచ్చే దారి లేదు. ముందు ఒక దళం పెట్టి, వాళ్ళను అందులో సైనికులని రాసుకుని, పని లేనప్పుడు కూడా కవచం విప్పవద్దని ఆజ్ఞ పెట్టాలి. కొందరు ఆటగాళ్ళు ఇట్లా చేస్తారు. తెలివైన పనే. కానీ ఆలోచించండి, ఒక హమాలీ తల కాపాడాలంటే అతన్ని హమాలీ కాదని రాయాలి!

ఇంకొకటి. ఈ ఆటలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ సమానంగా సైనికులు అవుతారు. ఇది మంచి విషయం, మెచ్చుకోవాలి. కానీ బిడ్డ పుట్టిన తల్లి ఆ బిడ్డను ఎత్తుకునే యుద్ధానికి పోతది. తల్లి ఒంటి మీద తల నుంచి కాలి దాకా ఉక్కు. చంకలో బిడ్డకు ఏమీ లేదు. దెబ్బ బిడ్డకు తగలొచ్చు. చాలామంది ఆటగాళ్ళు దీన్ని జోకులాగా చెప్పుకుంటారు. నాకు నవ్వు రాలేదు. మా ఇంటి దగ్గర కట్టే బిల్డింగ్‌లో పిల్లర్ల మధ్య చీరతో ఉయ్యాల కట్టి, బిడ్డను పండబెట్టి, తల్లి తట్ట మోస్తది. రోజూ స్కూలుకు వచ్చేటప్పుడు చూస్తాను.

ఒకరోజు మా బాపు పని నుంచి వచ్చి నా వెనక నిలబడి ఆట చూశాడు. బాపుది సెంట్రింగ్ పని. స్లాబ్ పోయడానికి ముందు చెక్కలు బిగించడం, తరవాత విప్పడం. నేను సైనికుడి జాబితా చూపించి తల, చెయ్యి, కాలు అని తెలుగులో చెప్పాను. బాపు కొంచెంసేపు చూసి అడిగాడు.

"మరి కోట కట్టెటోళ్ళకేం ఇస్తర్రా?"

"వాళ్ళకేం ఉండవు బాపూ. సైనికులకే."

"మాకూ గంతే. నెత్తికి టోపీ ఇచ్చిర్రు. అది గూడ సాబ్ వచ్చిన నాడు యాదికొస్తది. మేకు గుచ్చుకునేది కాలికి. సిమెంటు తినేది కాలిని. కాలికేమిచ్చిర్రు?"

బాపు పనికి రబ్బరు చెప్పులే వేసుకుపోతాడు. విప్పిన చెక్కల నిండా మేకులు పైకి లేచి ఉంటాయి. కాంక్రీటు పోసిన రోజు రాత్రి అమ్మ ఆయన మడిమలకు కొబ్బరినూనె రాస్తది, పగుళ్ళు తెల్లగా కనిపిస్తాయి. ఎవరి దగ్గర పని చేస్తాడో ఇక్కడ రాయను, ఎందుకంటే ఒక్క చోటి సంగతి కాదిది.

మన దేశంలో దీనికి చట్టం లేక కాదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో పార్లమెంటు చట్టం చేసింది. దాని కింద 1998లో నియమాలు వచ్చాయి. తలకు ప్రమాణం ప్రకారం చేసిన హెల్మెట్ ఇవ్వాలని, తడి కాంక్రీటులో పనిచేసేవాళ్ళకు నీళ్ళు చొరని బూట్లు ఇవ్వాలని అందులో రాశారు. అంటే ఈ నియమాలు రాసినవాళ్ళు ఒంటిని ఒక్కొక్క భాగంగా చూశారు. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ చూసినట్టే, కాకపోతే కూలివాడి ఒంటిని. నియమం విషయంలో మన చట్టం ఆట కంటే ముందుంది. అమలు విషయంలో ఆటే ముందుంది. ఆటలో ఆజ్ఞ పెట్టాక వస్తువు ఉంటే సైనికుడు పోయి తొడుక్కుంటాడు.

ఈ మాట మన పత్రికలో ఎందుకు రాయాలంటే, మనం ఉండే చోటే దీనికి సాక్ష్యం. ఫోరస్ రోడ్ పక్కన ఉన్న కామాఠిపురానికి ఆ పేరు కామాఠీల వల్ల వచ్చింది. ఈ ఊరి కట్టడాల పనికి తెలుగు నేల నుంచి వచ్చిన కూలీలను, మేస్త్రీలను కామాఠీలు అన్నారు. 1780లలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్టతో సముద్రపు నీటిని ఆపాక ఈ పల్లపు నేలలు నివాసానికి వచ్చాయి. మనవాళ్ళు ఇక్కడ కుదురుకున్నారు. అప్పట్లో ఈ నగరానికి నిజంగానే కోట ఉండేది. 1860లలో గవర్నర్ బార్టల్ ఫ్రెయర్ కాలంలో ఆ గోడలు కూలగొట్టారు. గోడలు పోయినా ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ ఫోర్ట్ అనే అంటాం. కోటకు గవర్నర్ పేరు తెలుసు. కట్టకు హార్న్‌బీ పేరు ఉంది. రాళ్ళు మోసిన తలల మీద ఏముంది? చుట్టబట్ట. పాత గుడ్డను గుండ్రంగా చుట్టి నెత్తిన పెట్టుకుని దాని మీద తట్ట. అదే మన తాతల కవచం. అక్బర్ కవచం పక్కన దాన్ని ఎవరూ పెట్టలేదు.

నేను ఇది అంటే అన్న ఒప్పుకోలేదు. అన్న మాటలో కూడా న్యాయం ఉంది కాబట్టి రాస్తున్నాను. "యుద్ధం చేసెటోనికే కవచం కావాలె. కత్తి వచ్చేది వాని మీదికి. ఉన్న పది కడ్డీలు గని తవ్వెటోనికి పెట్టి సైనికునికి తోలు ఇస్తే గాబ్లిన్లు అందర్నీ చంపుతరు. అప్పుడు గనోడు గూడ చస్తడు" అన్నాడు. ఇది నిజమే. వస్తువు తక్కువైనప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలో తేల్చాలి. ఇంకో మాట కూడా అన్నాడు. గనిలోకి నీళ్ళు దూకితే, లావా వస్తే, ఏ ఉక్కూ కాపాడదు.

దీనికి నా జవాబు ఇది. మొదటి సంవత్సరంలో ఉక్కు తక్కువ, సైనికుడికే ఇద్దాం. సరే. కానీ పదో సంవత్సరంలో కోట కింద గోదాములో ఇనుప టోపీలు కుప్పలుగా పడి ఉంటాయి. గాబ్లిన్ల దగ్గర గెలిచినవే వందలు. అప్పుడు కూడా గనివాడు ఉత్త తలతోనే పోతాడు. కొరత తీరినా నియమం మారలేదంటే కారణం కొరత కాదు. ఆ మనిషికి కూడా తల ఉందని నియమం రాసేటప్పుడు ఎవరికీ తోచలేదు, అంతే. లావా నుంచి కవచం కాపాడదన్నది నిజం. అన్ని ఆపదలకూ పనికిరాదు కాబట్టి ఏ ఆపదకూ ఇవ్వక్కరలేదు అనడం మాత్రం న్యాయం కాదు. ఆ లెక్కన సైనికుడికి కూడా ఇవ్వక్కరలేదు.

నా దృష్టిలో డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ మంచి ఆట. ఒక మనిషి ఒంటిని ఇంత శ్రద్ధగా చూసిన ఆట నేను ఇంకోటి చూడలేదు. మెడ వేరు, పిక్క వేరు, నరం వేరు అని అది నేర్పింది. పేపర్లో "కూలీకి గాయాలు" అని చదివితే ఇప్పుడు నేను "ఎక్కడ? ఏ పొర దాకా? మళ్ళీ చెయ్యి పట్టు వస్తదా?" అని అడుగుతున్నాను. ఆ ప్రశ్నలు ఈ ఆట ఇచ్చినవే. పదికి ఎనిమిది మార్కులు ఇస్తాను. మిగతా రెండు మార్కులు ఎందుకు తీశానో పైన రాశాను. గని తవ్వేవాడికి ఒకటి, చంకలో బిడ్డకు ఒకటి. ఆడమ్స్ అన్నదమ్ములు ఇరవై ఏళ్ళుగా ఆటను మారుస్తూనే ఉన్నారు కాబట్టి ఇది కూడా ఎప్పుడైనా మార్చవచ్చు. అప్పుడు ఆ రెండు మార్కులూ వేస్తాను.

ఆడాలనుకునే స్నేహితులకు ఒక సలహా. ముందు చెక్క డాళ్ళు, తరవాత శిరస్త్రాణాలు, పొడుగు బూట్లు, అవి అయ్యాక గొలుసు అంగీలు, చివర రొమ్ము పలకలు చేయించండి. తలా కాలూ తక్కువ కడ్డీలతో అయిపోతాయి. సైన్యం నిండాక మోతగాళ్ళను కూడా పేరుకు ఒక దళంలో రాసి టోపీలు ఇవ్వండి. ఆట అడగదు, మనమే చేయాలి.

పెద్దలకు ఒక మనవి. మీలో చాలామంది కట్టడాల పనికి, మోత పనికి పోతున్నారు. హెల్మెట్ ఇచ్చారా అని ఇంట్లో అందరూ అడుగుతాం. బూట్లు ఇచ్చారా అని కూడా అడుగుదాం. 1998 నియమాల్లోనే ఆ మాట రాశారు. మా బాపు ఈ సోమవారం తన జట్టువాళ్ళతో కలిసి మేస్త్రీని బూట్లు అడుగుతానన్నాడు. ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చేటప్పటికి ఇంకా జవాబు రాలేదు.